అరుదైన పండు... అల్పాయువు విత్తనం
దూరదేశాల గింజలకు గిరాకీ. దల్మా కొండల ఫలాలకు నిరాదరణ

జంషెడ్‌పూర్: ఉష్ణమండల దేశాల అరుదైన పండ్లను రుచి చూడటం, వాటి గింజలను మొలకెత్తించడం, మిగిలిన గింజలను తోటి ఔత్సాహికులతో మార్పిడి చేసుకోవడం లేదా విక్రయించడం గత రెండు దశాబ్దాలలో దేశమంతటా ఒక అభిరుచిగా, చిన్నపాటి వ్యాపారంగా రూపుదిద్దుకున్నది. మాంగోస్టీన్, రాంబుటాన్, డురియన్, జబూటికాబా వంటి పేర్లు ఒకప్పుడు వృక్షశాస్త్ర గ్రంథాలకే పరిమితం. నేడు అవి మధ్యతరగతి కుటుంబాల మేడలపై కుండీలకు చేరాయి. గింజలు తపాలాలో వస్తున్నాయి, సొమ్ము ముందుగానే చేతులు మారుతున్నది. మొలక మాత్రం చాలా సందర్భాలలో రావడం లేదు.

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన జంషెడ్‌పూర్‌కు ఈ వ్యవహారంతో ప్రత్యేక సంబంధం ఉన్నది. ఈ నగరం ఉక్కుతోపాటు చెట్లను కూడా దృష్టిలో ఉంచుకుని పుట్టింది. కర్మాగార స్థలం ఖరారు కావడానికి ఐదేళ్ల ముందే, 1902లో, జంషెడ్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి రాసిన లేఖలో విశాలమైన వీధులు, వాటికి ఇరువైపులా నీడనిచ్చే చెట్లు, తోటలకు చాలినంత స్థలం ఉండాలని సూచించారు. 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కు ఆ ఆలోచనకు కొనసాగింపు. కంపెనీ క్వార్టర్లలో ఇంటింటికీ ఉన్న కొద్దిపాటి పెరడు ఈ నగరానికి దక్కిన మరో భాగ్యం. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి, బిష్టుపూర్ ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వంటి సంస్థలను నెలకొల్పుకున్న తెలుగువారు కూడా ఈ పెరళ్ల సంస్కృతిలో భాగస్వాములే.

కాగా, ఇదే నగరానికి అంచున దల్మా కొండలు ఉన్నాయి. దూరదేశాల నుంచి తెప్పించుకుంటున్న అనేక పండ్లకు దగ్గరి బంధువులైన ఫలవృక్షాలు ఆ అడవిలో ఉన్నాయి. వాటిలో కొన్ని నానాటికీ తగ్గిపోతున్నాయి. గింజల వ్యాపారంలోని లోగుట్టును, అడవి పండ్ల ఆర్థికాన్ని కలిపి చూసినప్పుడే ఏది నిజంగా అరుదైనదో బోధపడుతుంది.

ఎండితే చచ్చే గింజ

వరి, కంది, మిరప వంటి విత్తనాలను ఎండబెట్టి దాచడం మన రైతుకు తరతరాలుగా తెలిసిన విద్య. ఎంత ఎండితే అంత నిల్వ అన్నది ఇక్కడి సూత్రం. అయితే ఈ సూత్రం అన్ని గింజలకూ వర్తించదు. 1973లో బ్రిటన్‌కు చెందిన శాస్త్రవేత్త రాబర్ట్స్ విత్తనాలను రెండు వర్గాలుగా విభజించారు. ఎండబెట్టి చల్లని చోట ఉంచితే ఏళ్ల తరబడి బతికేవి మొదటి వర్గం. ఎండబెడితే ప్రాణం పోయేవి రెండో వర్గం.

సీతాఫలం, చింత, రేగు, డ్రాగన్ ఫ్రూట్ గింజలు మొదటి వర్గంలోకి వస్తాయి. మామిడి, పనస, లిచీ, రాంబుటాన్, మాంగోస్టీన్, డురియన్ రెండో వర్గానికి చెందినవి. ఏటా క్రమం తప్పక వానలు కురిసే తేమ అడవులలో పుట్టిన చెట్లు ఇవి. అక్కడ పండు రాలిన వెంటనే గింజ మొలకెత్తుతుంది. కనుక ఎండను తట్టుకుని నిద్రపోయే శక్తిని ప్రకృతి ఆ గింజకు ఇవ్వలేదు. పండు నుంచి తీసిన రాంబుటాన్ గింజ బయట ఆరితే కొద్ది రోజులలోనే నిర్జీవమవుతుంది. మాంగోస్టీన్‌దీ అదే పరిస్థితి. తడి కొబ్బరిపొట్టులో ఉంచితే మరికొంత కాలం బతుకుతుంది, అంతే. ఫ్రిజ్‌లో పెడితే చలికే చనిపోతుంది.

ఈ ఒక్క విషయం తెలిస్తే వ్యాపారంలోని మోసం సగం అర్థమవుతుంది. అందమైన పొట్లంలో, పొడిగా ఎండిన మాంగోస్టీన్ లేదా డురియన్ గింజలు అమ్మకానికి వచ్చాయంటే అవి అప్పటికే చచ్చిన గింజలు. అమ్మేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు, తెలిసీ దాచి ఉండవచ్చు. కొన్నవారు మాత్రం తమ నీరు పోసే పద్ధతిలోనే లోపమున్నదని భావించి మళ్లీ కొంటారు. ఈ రకం గింజల వ్యాపారం నికరంగా సాగాలంటే పండు కోసిన వారం పది రోజులలో గింజ మట్టిలో పడాలి. అందుకే అనుభవజ్ఞులు గింజను కాక పండునే కొని, తిని, ఆ సాయంత్రమే నాటుతారు. రుచి చూడటం, విత్తడం ఇక్కడ ఒకే పనిలోని రెండు భాగాలు.

దేశంలో విత్తన సంపదను కాపాడే జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో 1976లో ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రాలు హైదరాబాద్‌లోను, రాంచీలోను కూడా ఉన్నాయి. ఎండబెట్టగల విత్తనాలను ఢిల్లీలోని బ్యూరో గిడ్డంగిలో మైనస్ 18 డిగ్రీల చలిలో భద్రపరుస్తారు. పనస, లిచీ వంటి వాటికి ఈ గిడ్డంగి పనికిరాదు. వాటి పిండాలను వేరుచేసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచాలి, లేదా చెట్టునే చెట్టుగా బతికించుకోవాలి. అంటే ఇటువంటి ఫలజాతుల విషయంలో రైతు తోట, ఇంటి పెరడు, అడవి ఇవే అసలైన విత్తన గిడ్డంగులు. చెట్టు కొడితే గిడ్డంగి కాలిపోయినట్లే.

మొలకెత్తినా తల్లి పోలిక రాదు

గింజ మొలిచిందని సంతోషించేవారికి మరో పరీక్ష ఎదురవుతుంది. మాంగోస్టీన్ గింజ పరాగ సంపర్కం లేకుండానే తయారవుతుంది. కనుక దాని మొక్క అచ్చంగా తల్లిని పోలి ఉంటుంది. అయితే కాపుకు ఎనిమిది, పదేళ్లు లేదా అంతకు మించి ఆగాలి. రాంబుటాన్‌లో గింజ మొక్కలు దాదాపు సగం మగవి కావచ్చు. ఆరేడేళ్లు పెంచిన తరువాత ఆ చెట్టు పూస్తుంది గాని కాయదు. కేరళలో రాంబుటాన్ సాగు చేసే రైతులు గింజలను కాదని అంటు మొక్కలనే నాటడానికి కారణం ఇదే.

పనసలో తల్లి ఒకటి, పిల్ల మరొకటి. పరపరాగ సంపర్కం వల్ల ప్రతి గింజా ఒక కొత్త రకమే. ఇది తోట వేసేవారికి నష్టం, జాతికి మాత్రం లాభం. జార్ఖండ్ గ్రామాలలో ఇంటింటి పనస రుచి వేరుగా ఉండటానికి, తీపిలోను, తొనల గట్టిదనంలోను ఇంత వైవిధ్యం కనిపించడానికి ఇదే మూలం. రాంచీ సమీపంలోని ప్లాండులో ఉన్న భారత వ్యవసాయ పరిశోధనా మండలి కేంద్రం ఈ వైవిధ్యం నుంచే పండుకు స్వర్ణ మనోహర్‌ను, కూరకు స్వర్ణ పూర్తిని ఎంపిక చేసింది.

సామర్లకోట నుంచి శిబ్‌పూర్ దాకా

దూరదేశాల పండ్లను తెచ్చి నాటడం కొత్త వేడుకేమీ కాదు. మనం సొంతమనుకునే జామ, సీతాఫలం, బొప్పాయి, అనాస, జీడిమామిడి అన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి కాలంలో, ఆ తరువాత వచ్చినవే. వాటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒకనాడు ఎవరో చేతిలో పట్టుకుని వచ్చిన అరుదైన గింజే.

ఈ చరిత్రలో తెలుగునాటికి ముఖ్యమైన స్థానం ఉన్నది. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్ది చివర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను నిర్వహించారు. మిరియం, కాఫీ, సీమపనస వంటి వాటిని అక్కడ పెంచి చూశారు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి భాగాలుగా వెలువడింది. 1793లో ఆయన కలకత్తా సమీపాన శిబ్‌పూర్‌లోని వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతిగా వెళ్లారు. ఆ తోటను రాబర్ట్ కిడ్ 1787లో స్థాపించారు. అది టాటానగర్ నుంచి రైలుమార్గంలో సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న హౌరా పక్కనే ఉన్నది.

శిబ్‌పూర్ తోట తొలినాళ్లలో జాజికాయ, లవంగం, మాంగోస్టీన్ వంటి తూర్పు దీవుల చెట్లను బెంగాలు నేలలో నిలబెట్టేందుకు గట్టి ప్రయత్నాలే జరిగాయి. అవి ఫలించలేదు. గంగా మైదానపు చలికాలం, వేసవి వడగాలి ఆ చెట్లకు సరిపడలేదు. దక్షిణాదిన కుర్తాళం, నీలగిరి దిగువన ఉన్న బర్లియార్, కల్లార్ తోటలలో మాత్రం మాంగోస్టీన్ స్థిరపడింది.

రెండు శతాబ్దాల నాటి ఈ అనుభవం జంషెడ్‌పూర్‌కు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. చలికాలపు రాత్రులలో 10 డిగ్రీల దిగువకు పడిపోతుంది. వానలో అధికభాగం నాలుగు నెలలలోనే కురుస్తుంది. మాంగోస్టీన్, డురియన్ ఈ వాతావరణంలో బతికి బట్టకట్టడం కష్టం. ఛోటానాగ్‌పూర్ ఎర్రమట్టి ఆమ్లగుణం కలది కావడం మాత్రం ఒక అనుకూలాంశం. పుల్లని పదార్థాన్ని నాలుకకు తియ్యగా తోపింపజేసే పశ్చిమాఫ్రికా మిరకిల్ ఫ్రూట్ వంటివి అటువంటి మట్టినే కోరతాయి. బెరడుపైనే నల్లని కాయలు కాసే బ్రెజిల్ జబూటికాబాకు కొంత చలిని ఓర్చే శక్తి ఉన్నది. కాపుకు మాత్రం ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. పండు పేరు చూసి కాక, అది పుట్టిన చోటి వాన, చలి లెక్క చూసి గింజ కొనడం వివేకం.

దల్మాలోని బంధువులు

ఏప్రిల్ నుంచి జూలై వరకు జంషెడ్‌పూర్ పరిసరాల సంతలకు సంథాల్, హో, భూమిజ్ గ్రామాల మహిళలు అడవి పండ్లను తెస్తారు. ఆకు దొన్నెలలో పోసి అమ్మే ఈ పండ్లకు పెద్ద దుకాణాలలో చోటు లేదు. కాని వృక్షశాస్త్రం చూపే వంశవృక్షం ప్రకారం వీటి హోదా తక్కువది కాదు.

కేందు పండు మన తునికి పండే. హిమాచల్ తోటల నుంచి వచ్చి నగరాలలో గొప్ప ధర పలికే పెర్సిమన్ పండుది కూడా ఇదే ప్రజాతి. కుసుం చెట్టు పుల్లని గుజ్జు పండ్లనిస్తుంది. అది లిచీ, రాంబుటాన్‌ల కుటుంబానికి చెందినది. నేరేడు, విదేశీ మొక్కగా అమ్ముడయ్యే వాటర్ యాపిల్ ఒకే ప్రజాతి. లకుచం పనసకు, సీమపనసకు సోదరి. ఇక్కడ పియార్ అని పిలిచే చిరొంజి మామిడి, జీడిమామిడి, పిస్తాల కుటుంబంలోనిది. తెలుగునాట దీనిని మొర్రి పండు, సార పండు అంటారు. దాని గింజలోని పప్పే మిఠాయిలలో వేసే సారపప్పు. ఈ చెట్టుకు రాక్స్‌బర్గ్ చిరొంజి పేరుతోనే ఒక శాస్త్రీయ నామం పెట్టడం విశేషం.

రుచిలోనూ ఇవి తీసిపోవు. బాగా మగ్గిన తునికి పండులో సపోటాను పోలిన తీపి, చివర కొద్ది వగరు ఉంటాయి. మొర్రి పండు పైగుజ్జు పలుచన, తీపి పులుపు కలిసిన రుచి. లోపమల్లా ఒక్కటే. ఈ పండ్లు ఒకటి రెండు రోజులకు మించి నిలువవు, దూరప్రయాణం చేయలేవు. కనుక వీటికి పట్టణ విపణి ఏర్పడలేదు. విపణి లేనందున వీటిని నాటేవారూ లేరు.

ఆకుకు ధర, పండుకు కాదు

అడవి ఫలాల ఆర్థికంలో విచిత్రమైన వైరుధ్యాలు కనిపిస్తాయి. తునికి చెట్టుకు బీడీ ఆకు వల్ల విలువ వచ్చింది. లేత ఆకు కోసం పొదలను ఏటా నరికి చిగురింపజేస్తారు. నరికిన పొద ఆకునిస్తుంది గాని పండునివ్వదు. కుసుం చెట్టుకు లక్క వల్ల విలువ. దేశంలో లక్క ఉత్పత్తికి జార్ఖండ్ ప్రధాన కేంద్రం. లక్క పరిశోధన సంస్థ రాంచీ శివార్లలోని నామ్‌కుమ్‌లో 1924లోనే ఏర్పడింది. కుసుం పండును మాత్రం పట్టించుకున్నవారు తక్కువ.

పియార్ సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. ఇక్కడ విలువ గింజకే ఉన్నది. నగరాలలో సారపప్పు కిలో వెయ్యి రూపాయలు దాటి పలుకుతుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో ప్రారంభించింది. 2020 మే నెలలో సవరించిన పట్టికలో చిరొంజి గింజకు కిలోకు 126 రూపాయలు నిర్ణయించారు. గింజ పగులగొడితే వచ్చే పప్పు దాని బరువులో కొద్ది భాగమే అయినా, ఏరినవారికి, కొన్నవారికి నడుమ ధరలో అంతరం పెద్దదే. గింజ పగులగొట్టే చిన్న యంత్రం గ్రామంలోనే ఉంటే ఆ అంతరంలో కొంత గ్రామంలో మిగులుతుంది. లేకుంటే అది దళారుల పాలవుతుంది.

విలువ పెరిగినందున చెట్టుకు రక్షణ కలగాలి. జరుగుతున్నది వేరు. అడవిలో చెట్టు ఎవరిదో నిర్ణయం లేని చోట ముందు కోసినవారిదే పంట. పక్కవారు కోస్తారన్న భయంతో కాయ పండకముందే కోయడం, కొమ్మలు నరికి దింపడం జరుగుతున్నది. పచ్చికాయ గింజకు పప్పు సరిగా పట్టదు, మొలక శక్తి ఉండదు. గింజలన్నీ ఏరుకుపోతే కొత్త మొలకకు అవకాశం లేదు. పైగా ఈ గింజకు గట్టి పెంకు ఉన్నందున సహజంగానే మొలక శాతం తక్కువ. ముసలి చెట్లు పోతున్నాయి, వాటి స్థానంలో పిల్ల చెట్లు రావడం లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును అడవిపై ఆధారపడిన సంప్రదాయ కుటుంబాలకు ఇచ్చింది. గ్రామసభ ఆ హక్కును వినియోగించి కోత తేదీని నిర్ణయిస్తే, ఈ తొందరపాటుకు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. గుజరాత్‌లోని గోద్రా ఉద్యాన ప్రయోగ కేంద్రం చిరొంజిలో థార్ ప్రియ అనే రకాన్ని ఎంపిక చేసి, అంటు కట్టే పద్ధతిని కూడా అభివృద్ధి చేసింది. అంటే ఇది ఇకపై అడవిలో ఏరుకునే గింజ మాత్రమే కాదు, పొలం గట్టున నాటదగిన పంట కూడా. మెట్ట భూములు, ఆమ్ల నేలలు అధికంగా ఉన్న సింహభూమ్ జిల్లాలకు ఇటువంటి చెట్లు సహజంగా నప్పుతాయి.

చట్టం ఏమంటుంది?

గింజల మార్పిడిపై ప్రజలలో రెండు రకాల అపోహలు ఉన్నాయి. ఎవరి గింజ వారు ఇచ్చుకోవడం కూడా నేరమని కొందరు భయపడతారు. ఏ దేశపు గింజనైనా జేబులో వేసుకుని రావచ్చునని మరికొందరు భావిస్తారు. రెండూ పొరపాటే.

2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, విక్రయించవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మరాదన్నదే పరిమితి. రైతు తాను కాపాడిన రకాన్ని తన పేర నమోదు చేయించుకోవచ్చు. ఈ చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థకు రాంచీలో శాఖా కార్యాలయం ఉండటం జార్ఖండ్ రైతులకు అనుకూలమైన అంశం.

విదేశీ గింజల విషయం ఇందుకు భిన్నం. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటేందుకు తెచ్చే విత్తనానికి ముందుగా దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. ఇది కేవలం కాగితాల తంతు కాదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి అనతికాలంలోనే దక్షిణాది తోటలను, మల్బరీని దెబ్బతీసింది. దానిని అదుపు చేసేందుకు పరాన్నజీవి కందిరీగలను విదేశాల నుంచి తెప్పించవలసి వచ్చింది. 2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటలలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఆ తరువాత గోదావరి జిల్లాల కొబ్బరి రైతును కూడా వదలలేదు. 2020 ఆగస్టులో అడగకుండానే తపాలాలో వస్తున్న అనామక విత్తన పొట్లాల పట్ల అప్రమత్తంగా ఉండాలని కేంద్ర వ్యవసాయ శాఖ రాష్ట్రాలను హెచ్చరించింది. ఒక ఇంటి సరదాకు తెచ్చిన పొట్లం ఒక జిల్లా పంటకు ముప్పు కాగలదు.

నర్సరీయే నడుమ దారి

అభిరుచి గలవారికి సురక్షితమైన మార్గం దేశంలోనే ఉన్నది. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీలు అనేక రాష్ట్రాలకు పండ్ల మొక్కలను పంపుతున్నాయి. అంటు మొక్క గింజ కంటే ఖరీదైనదే. కాని ఆడదో మగదో తెలియని చెట్టుకు ఆరేళ్లు నీరు పోసే శ్రమ తప్పుతుంది. కొనేవారు తల్లి చెట్టు ఏ ప్రాంతానిదో, అంటు ఎప్పుడు కట్టారో అడిగి తెలుసుకోవడం అవసరం.

అరుదైన చెట్టు ఆదాయం కూడా కాగలదనేందుకు కర్ణాటకలోని తుమకూరు జిల్లా ఉదాహరణగా నిలుస్తుంది. అక్కడి ఒక రైతు పెరట్లోని రాగిరంగు తొనల పనస చెట్టును భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ గుర్తించింది. దానికి సిద్ధు అని పేరు పెట్టి, అంటు మొక్కల అమ్మకంపై వచ్చే రాయల్టీలో 75 శాతం ఆ రైతుకే దక్కేలా 2017లో ఒప్పందం చేసుకున్నది. తండ్రి నాటిన ఒక్క చెట్టు కుమారుడికి జీవనాధారమైంది. పనస వైవిధ్యం అంతకంటే తక్కువేమీ కాని జార్ఖండ్‌లో ఇటువంటి చెట్లను వెతికి నమోదు చేసే పని ఊరూరా జరగవలసి ఉన్నది.

డ్రాగన్ ఫ్రూట్‌కు 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం కమలం అని నామకరణం చేసింది. అనంతరం దాని సాగు విస్తరణకు కేంద్రం కూడా ప్రోత్సాహం ప్రకటించింది. మధ్య అమెరికా బ్రహ్మజెముడు జాతికి దక్కిన ఈ ఆదరణలో కొంతైనా పియార్‌కు, కేందుకు, లకుచానికి దక్కాలని కోరడం అత్యాశ కాదు. ముందుగా కావలసినవి అంటు మొక్కలు, గ్రామస్థాయిలో గింజ పగులగొట్టే సదుపాయం, పండును రసంగా, తాండ్రగా నిలువ చేసే చిన్న పరిశ్రమ. ఇవేవీ భారీ పెట్టుబడులు కోరేవి కావు.

పెరడున్నవారు చేయగల పని అంతకంటే సులువు. పియార్ పండ్లు వేసవి చివరన, పనస, నేరేడు తొలకరి వేళ సంతకు వస్తాయి. బాగా పండినవి కొని, తిని, గింజను ఆరనీయకుండా వారంలోపు మట్టిలో పెడితే చాలు. దీనికి దిగుమతి అనుమతి అవసరం లేదు, తపాలా ఖర్చు లేదు, చచ్చిన గింజ వచ్చిందన్న బెంగ లేదు. మాంగోస్టీన్ చెట్లు మరెన్నో దేశాలలో ఉన్నాయి. మిరకిల్ ఫ్రూట్‌ను కాపాడేందుకు ప్రపంచమంతటా ఔత్సాహికులున్నారు. దల్మా అంచున రాలిన పియార్ గింజకు మాత్రం ఇక్కడివారు తప్ప మరో దిక్కు లేదు.